డొంకరాయి వానలో విశాఖ ఎయిర్‌పోర్టు ఎండ

డొంకరాయి డ్యాం దగ్గర నిలబడి తడుస్తున్నా. ఫోనేమో "పొడి వాతావరణం, 31 డిగ్రీలు" అంటోంది. అక్కడ సిగ్నల్ రావడమే గొప్ప కాబట్టి తిట్టుకోలేదు. తర్వాత తవ్వితే తేలిందేంటంటే, ఆ 31 విశాఖ ఎయిర్‌పోర్టుది! నిజానికి రాజమండ్రి మధురపూడి ఇంకా దగ్గర. కానీ ఆ యాప్ లిస్టులో అది లేదు.

ఎయిర్‌పోర్టులు ఇచ్చే ఈ రిపోర్టుని మెటార్ అంటారు. అరగంటకోసారి వచ్చే ఒక్క లైను లాగ్ అనుకోండి. గాలి దిశ, వేగం, ఎంత దూరం కనబడుతోంది, మబ్బుల ఎత్తు, ఉష్ణోగ్రత, పీడనం. పైలట్ కోసం రాసింది, రన్‌వే చుట్టుపక్కలకే చెల్లుతుంది. ఫ్రీగా దొరుకుతోంది కదా అని మనవాళ్ళు 2000ల్లోనే డెస్క్‌టాప్ విడ్జెట్లకి తగిలించేశారు.

విశాఖలో వాతావరణం లెక్కలు విమానాలతో మొదలవలేదు. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దగ్గర నేర్చుకొచ్చిన గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. వానలు కొలిచి వ్యాసాలు రాశారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా పెట్టించి రోజూ ఉదయం 9 గంటలకి అందరికీ టైము తెలిసేలా చేశారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వదిలేసి మరీ దాన్ని నడిపారు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంటే మన జగ్గారావు గారు 35 ఏళ్ళు ముందు! స్కూల్లో ఎవరూ చెప్పలేదు నాకు.

ఇక ఎయిర్‌పోర్టు. నేవీ వాళ్ళ స్థావరంలోనే 1981లో రోజుకో ఫ్లైటుతో పౌర విమానాలు మొదలయ్యాయి. 6,000 అడుగుల పాత రన్‌వే చాలక 2007లో 10,007 అడుగులది వచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ సరిగ్గా విశాఖ మీదే తీరం దాటింది. వాతావరణ శాఖ ముందే చెప్పింది, చెప్పినట్టే వచ్చింది. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ దెబ్బతింది. టెర్మినల్ కప్పు లేచిపోయింది. టీవీల్లో ఆ కప్పే చూపించారు. 17కల్లా విమానాలు మళ్ళీ ఎగిరాయి.

అదే గాలి కొండలెక్కి అరకు వైపు వెళ్ళింది. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయాయి. వాటి కింద కాఫీ మొక్కలు నలిగిపోయాయి. సిల్వర్ ఓక్ మళ్ళీ నీడనివ్వాలంటే ఏళ్ళు పడుతుంది, అయిదు రోజులు కాదు.

డొంకరాయిలో వాన సంగతి పిక్నిక్ సంగతి కాదు. ఈ నీళ్ళే కాలువలో పొల్లూరు వెళ్ళి 115 మెగావాట్ల యూనిట్లు తిప్పుతాయి. పూర్తి మట్టం 1,037 అడుగులు. పైన సీలేరులో గట్టిగా కురిస్తే ఇక్కడ గేట్లెత్తాలి, కింద నది దాటేవాళ్ళకి ముందే తెలియాలి. ఇప్పుడు మండలాల్లో ఆటోమేటిక్ స్టేషన్లున్నాయి. అయినా నా ఫోన్ విశాఖకే పోయింది.

అన్నట్టు, పాత కంపెనీలో "దగ్గరి స్టేషన్" వెతికే ఫంక్షన్ ఒకటి నేనూ రాశా. అక్షాంశం, రేఖాంశం తీసుకునేది. ఎత్తు అడిగేది కాదు. మధ్యలో కొండలున్నాయేమో అని చూసేది కూడా కాదు. కోడ్ రివ్యూలో ఒక్కరూ అడగలేదు.