సింగ్‌భూమ్ మంత్రగత్తెలూ మలేరియా జ్వరమూ

1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరో పదిహేనేళ్ళకి, 1912లో, టాటాలు ఇప్పటి జంషెడ్‌పూర్‌లో ఉక్కు తియ్యడం మొదలుపెట్టారు. అయినా ఆ ఉక్కు నగరం చుట్టూ ఉన్న సింగ్‌భూమ్ పల్లెల్లో, జ్వరంతో పిల్లవాడు స్పృహ తప్పితే ఓఝానే (అంటే మన భూతవైద్యుడే) పిలిచేవారు. అతగాడు పొరుగింటి ఆడమనిషి పేరు చెప్పేవాడు!

నిజానికి జరిగేదేమిటి? ఫాల్సిపారం మలేరియాలో పరాన్నజీవి చేరిన ఎర్రరక్తకణాలు మెదడులోని సన్నని రక్తనాళాలకి అతుక్కుని దారి మూసేస్తాయి. మెదడు వాచి పుర్రెలో ఒత్తిడి పెరగవచ్చు. జ్వరంతోపాటు ఫిట్స్, పొంతనలేని మాటలు, గిల్లినా లేవని మగత కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. అక్కడ రక్తపరీక్ష ఉంది, ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఉంది. ఆ పొంతనలేని మాటలే ఓఝాకి "దయ్యం పలుకులు". మన తెలంగాణలో బాణామతి అంటారు, పేరే తేడా.

1995లో జంషెడ్‌పూర్ పక్కనున్న సరాయికేలా ప్రాంతంలో, పొరుగింటి అమ్మాయికి జబ్బు చేసిందని ఛుట్నీ మహతోని మంత్రగత్తె అని కొట్టి హింసించారు. బీహారు 1999లో చేసిన మంత్రగత్తె ముద్ర నిషేధ చట్టాన్ని 2001లో జార్ఖండ్ తీసుకుంది. తనలాంటి ఆడవాళ్ళ కోసం పోరాడిన ఛుట్నీకి 2021లో పద్మశ్రీ వచ్చింది.