గురువు బక్షీ అయిన దారి

మంగోలియాలో గ్రహాల పేర్లు వింటే మన పంచాంగమే గుర్తొస్తుంది. కుజుణ్ని వాళ్లు అంగరగ్ అంటారు. బృహస్పతి బర్హస్‌బాది, శుక్రుడు సుగర్, శనైశ్చరుడు సంచిర్. పాత లెక్కలో ఆదివారం ఆదియ, సోమవారం సుమియ.

మన జ్యోతిషులెవరూ అంత దూరం వెళ్లి చెప్పినవి కావివి. బౌద్ధంతోపాటు మధ్య ఆసియా చేరిన మాటలను సమర్ఖండ్ ప్రాంతపు సోగ్డియన్లు, తురుష్క భాష మాట్లాడే ఉయ్ఘుర్లు అందుకుని ముందుకు పంపారు. 13వ శతాబ్దంలో మంగోలులు ఉయ్ఘుర్ లిపి నేర్చారు. లిపి వెంట మాటలూ వచ్చాయి. 'ర'తో మాట మొదలుపెట్టే అలవాటు లేని తురుష్కుల నోట రత్నం 'ఎర్దిని' అయింది. మంగోలులు దాన్ని 'ఎర్దెనె' చేసి, 1585లో మొదలుపెట్టిన ఎర్దెనె జూ మఠానికి పెట్టుకున్నారు. వజ్రం 'ఒచిర్'గా మారి, ఆ దేశపు తొలి అధ్యక్షుడు ఒచిర్‌బాత్ పేరులో చేరింది. బౌద్ధ గురువు, శిల్పి జనబజర్ (1635–1723) పేరైతే అచ్చంగా జ్ఞానవజ్రుడే. ఆయన 1686లో రూపొందించిన లిపి సొయొంబొ, అంటే స్వయంభూ. ఆ లిపి గుర్తు నేటికీ మంగోలియా జెండా మీద ఉంది.

ఉయ్ఘుర్ల నోట నానిన మరో మాట మన నేలకూ చేరింది. సొయొంబొ లిపి పుట్టిన మరుసటి ఏడే సమర్ఖండ్ నుంచి వచ్చిన మొగలు సేనాని ఖ్వాజా ఆబిద్ గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. మొదటి నిజాంకు ఆయన తాత. గోల్కొండ కూలి హైదరాబాద్ మొగలు సుబా కావడంతో ఇక్కడికి బక్షీ అనే అధికారి వచ్చాడు. సైనికుల హాజరు, జీతాల లెక్క అతని పని.

పండితుల్లో ఎక్కువ మంది బక్షీ అనే మాట పుట్టుక చైనాలో ఉందంటారు. అక్కడ దాని అర్థం విద్వాంసుడు. ఉయ్ఘుర్లు బౌద్ధ గురువును అలా పిలిచారు. ఇరాన్‌ను ఏలిన మంగోలుల కొలువులో బౌద్ధ భిక్షువులు బక్షీలే. 1295లో వారి పాలకుడు గజాన్ ఖాన్ ఇస్లాం స్వీకరించి బౌద్ధాలయాలు కూల్పించాక మతం పోయింది, మాట మిగిలింది. ఉయ్ఘుర్ లిపిలో రాసే లేఖరి బక్షీ అయ్యాడు. మొగలుల దగ్గర సైన్యపు లెక్కలన్నీ అతని చేతికొచ్చాయి. తుర్క్‌మెన్లకు మాత్రం బక్షీ అంటే పాటగాడు, కజక్‌లకు భూతవైద్యుడు. మంగోలియా బడిపిల్లలకు నేటికీ పంతులుగారే.

బౌద్ధం తెలుగు నేలపై కనుమరుగైన ఎన్నో వందల ఏళ్లకు, బౌద్ధ గురువు బిరుదు ఫౌజు జీతాల పద్దులతో ఇక్కడ అడుగుపెట్టింది. మతాలు మారినంత తేలిగ్గా కొలువుల పేర్లు మారవు.