ఇక కట్టెయ్యొచ్చు

1997లో తెనాలిలో ఒక డీటీపీ సెంటర్లో చేరాను. ఓనరు గారు మొదట నేర్పింది పేజ్‌మేకర్ కాదు. "కంప్యూటర్ వెయ్యడం ఎవడైనా వేస్తాడ్రా, కట్టడం తెలియాలి" అన్నారు. షట్‌డౌన్ ఇచ్చాక, నల్ల తెర మీద నారింజ రంగు ఇంగ్లీషు అక్షరాలు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. ఇప్పుడు ఆపుకోవచ్చని విండోస్ 95 మనకిచ్చే అనుమతి అది. అప్పుడు సీపీయూ ముందున్న లావుపాటి బటన్ టక్కుమని నొక్కాలి.

ఆ ఏటీ రకం డబ్బాల్లో మెయిన్ కరెంటే ముందు బటన్ దాకా వచ్చేది. దాన్ని ఆపడం విండోస్ వల్ల అయ్యేది కాదు. తన పనులన్నీ సర్దుకుని, ఆఖరి పని మనిషికి అప్పజెప్పేది.

ఆ సర్దుకోవడం ఎందుకంటే, సేవ్ కొట్టగానే డిస్కుకి ఎక్కేసిందనుకుంటాం గానీ, డిస్కు నిదానం. అందుకని కంప్యూటర్ రాయాల్సింది కాసేపు మెమరీలో పోగేసి, వీలు చూసుకుని దించుతుంది. కిరాణా కొట్లో చిత్తు కాగితం మీద రాసుకుని రాత్రికి ఆవర్జాకెక్కించినట్టు. ఈలోగా కాగితం ఎగిరిపోతే? 1993లో ఎంఎస్-డాస్ 6 వాడినవాళ్లకి ఆ అనుభవమే అయింది. ప్రాంప్ట్ వచ్చింది కదా అని ఆపేస్తే, ఇలా పోగేసే స్మార్ట్‌డ్రైవ్ దగ్గర రాయాల్సింది మిగిలిపోయేది. అదే ఏడాది వచ్చిన 6.2లో రాత పూర్తయ్యాకే ప్రాంప్ట్ ఇచ్చేలా మార్చారు. యూనిక్స్ వాళ్లది ఇంకా పాత ఆచారం: 'సింక్' అని మూడుసార్లు కొట్టి గానీ 'హాల్ట్' అనేవారు కాదు. సింక్ రాత మొదలుపెట్టించి, అది పూర్తికాకుండానే తిరిగొచ్చేది. రెండోసారి, మూడోసారి టైపు చేయడానికి పట్టే క్షణాల్లో డిస్కు తన పని కానిచ్చేది. మూడు అంకెలోనే మహిమ ఉందనుకున్నవాళ్లూ ఉండే ఉంటారు.

మాకేమో కరెంటు కోతలు. మాఘమాసం, శుభలేఖల గిరాకీ. ముసలి యూపీఎస్ రెండు నిమిషాలు కూతపెట్టి పడుకునేది. కరెంటొచ్చాక నీలం తెరతో స్కాన్‌డిస్క్ ప్రత్యక్షం, సరిగ్గా ఆపలేదని దెప్పుతూ. ఏ ఫైలువో తెలియని ముక్కల్ని సీహెచ్‌కే అనే తోకతో మూటగట్టి ఇచ్చేది. ఒకసారి ఒక మూట నోట్‌ప్యాడ్‌లో విప్పితే అన్నీ పిచ్చి గుర్తులు. వాటిని పేజ్‌మేకర్లో పోసి 'అను' తెలుగు ఫాంటుకి మారిస్తే, పెళ్లికూతురి పేరు సగం, ముహూర్తం మాత్రం పూర్తిగా బయటపడ్డాయి.

ఆ నారింజ అక్షరాలు కూడా ఒక ఫైలేనని తర్వాత తెలిసింది. పేరు లోగోస్, తోక సిస్. లోపల మాత్రం మామూలు బొమ్మ. 320 అడ్డం, 400 నిలువు చుక్కలు. ఓనరు లేనప్పుడు పెయింట్‌లో తెరిచి, ఇంగ్లీషు చెరిపి "ఇక కట్టెయ్యొచ్చు" అని రాశాను. విండోస్ దాన్ని అడ్డంగా సాగదీసి చూపిస్తుందని నాకేం తెలుసు? అక్షరాలు మినపరొట్టెల్లా వెడల్పుగా వచ్చాయి. సన్నగా రాసి సరిచేసేసరికి మూడు షట్‌డౌన్లు పట్టింది. ఓనరు గారు చూసి ఏమీ అనలేదు. మర్నాడు రెండో సిస్టమ్‌కీ పెట్టమన్నారు.

1995లోనే ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ డబ్బా మా దాకా రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. అందులో బటన్ కరెంటుని తెంపదు, మదర్‌బోర్డుకి కబురు పంపుతుందంతే. ఆపే పని విండోసే చేసుకోగలదు. కొత్త సిస్టమ్‌లోనూ నా బొమ్మ ఎక్కించాను. మొదటిరోజు రాత్రి షట్‌డౌన్ ఇచ్చి, అలవాటుగా బటన్ మీద వేలు పెట్టుకు కూర్చున్నాను. ఫ్యాను దానంతటదే ఆగిపోయింది. నా అక్షరాలు తెర మీదకి రానేలేదు.