ఒక వోల్టు, ఒక స్థాయి

మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు ముందుగది మూలన ఉన్న పెట్టెను చూసి “హార్మోనియమా?” అంటారు. కోర్గ్ పాలీసిక్స్. 1981లో జపాన్‌లో పుట్టిన అనలాగ్ సింథసైజర్. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ కంటే పదిహేడేళ్లు పెద్దది. స్విచ్ వేశాక కాసేపు దాన్ని వదిలేయాలి. ఒళ్లు వెచ్చబడితే గానీ శ్రుతి నిలవదు. తంబురా శ్రుతి కుదిరేదాకా కచేరీ మొదలుకాదు కదా, ఇదీ అంతే. పగలంతా రాయదుర్గం ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని వచ్చిన నాకు ఆ ఎదురుచూపే ఇష్టం.

ఈ జాతికి మూలం కరెంటుతో చేసిన ఒక చిన్న ఉపాయం. కుర్రతనం నుంచీ థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యాలు తయారుచేసిన రాబర్ట్ మోగ్, 1964లో స్వరకర్త హెర్బర్ట్ డాయిష్‌తో కలిసి ఒక యంత్రం కట్టాడు. అందులో స్వరాన్ని పెంచేదీ తగ్గించేదీ వోల్టేజీయే. ఒక్క వోల్టు పెంచితే మధ్యస్థాయి షడ్జం తారస్థాయి షడ్జమవుతుంది. తీగ లేదు, తిత్తి లేదు, ఊపిరి లేదు. అమెరికా అవతలి తీరంలో డాన్ బుక్లా కూడా ఇంచుమించు అప్పుడే తన దారిలో ఇదే పని చేస్తున్నాడు. మొదట్లో బీరువా అంత ఉన్న మోగ్ యంత్రం 1970లో మినీమోగ్ అయ్యి చంకన పెట్టుకుపోయేంత చిన్నదైంది. అయితే అది పలికేది ఒకసారికి ఒక్క స్వరమే. ఆరు స్వరాలు ఒకేసారి పలికే పాలీసిక్స్, మామూలు వాద్యకారుడు కొనగలిగే ధరకు ఆ కొరత తీర్చింది.

మన దేశానికి ఇది ఆలస్యంగా వచ్చిందనుకుంటే పొరపాటు. 1969లోనే అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థకు మోగ్ యంత్రం చేరింది. అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియో అమర్చాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషీపుర వంటివారు 1972 దాకా దానిమీద ప్రయోగాలు చేశారు. ఆ టేపులు దశాబ్దాలపాటు మూలనపడి ఉండి, 2023లో గానీ ఆల్బమ్‌గా మన చెవిన పడలేదు. ముంబయిలో చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో దరువుకు కట్టి సింథసైజర్లమీద వాయిస్తే ఆనాడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1983లో యమహా డీఎక్స్7తో డిజిటల్ గాలి వీచింది. తర్వాతి రోజుల్లో రాజ్–కోటి పాటలకు కీబోర్డు వాయించిన కుర్రాడు, ఇప్పటి ఏ.ఆర్. రెహమాన్, పెరిగింది ఆ గాలిలోనే. అనలాగ్ పెట్టెలు అటకెక్కాయి.

నాది కూడా అటకమీంచి దిగిందే. కొన్న నెలకే అందులో దాచిన ధ్వనుల ప్రోగ్రాములు వాటంతటవే మారిపోవడం మొదలైంది. కోఠి గుజరాతీ గల్లీ దగ్గర, టీవీలు బాగుచేస్తూ జుట్టు నెరిసిన ఒక పెద్దాయన దాన్ని విప్పాడు. లోపలి బోర్డుమీద నికెల్ కాడ్మియం బ్యాటరీ చుట్టూ పచ్చటి పొక్కు.

“బ్యాటరీ కారింది సార్, రాగి తినేసింది” అన్నాడు.

వెంట్రుకంత సన్నటి రాగి గీతలు తెగిపోయి ఉన్నాయి. నిమ్మరసం అద్దిన దూదితో పొక్కు తుడిచి, స్పిరిట్‌తో కడిగి, భూతద్దం పెట్టుకుని ఒక్కో గీతకూ సన్నటి వైరు టంకం వేశాడు. మూడు సాయంత్రాలు పట్టింది. ఆయన పక్కనే స్టూలుమీద కూర్చుని చూశాను. నేను రాసే కోడ్‌లో తప్పు దొర్లితే వెనక్కి తీసుకోవచ్చు. అక్కడ టంకం ఇనుము ఒక్క క్షణం ఎక్కువ ఆనితే రాగి లేచిపోతుంది.

దిగుళ్లు ఇంకా ఉన్నాయి. కండెన్సర్లు ఎండిపోతే హమ్ మొదలవుతుంది. వానాకాలం తేమకు నాబ్‌లు గరగరమంటాయి. ఒక్కో స్వరానికి ఒక్కో ఎస్‌ఎస్‌ఎం 2044 ఫిల్టర్ చిప్ ఉంటుంది. వాటిలో ఒకటి చచ్చిపోతే, మెట్లు వరసగా నొక్కుతున్నప్పుడు ఆరింట ఒకటి మొద్దుగా పలుకుతుంది. జపాన్ నుంచి నేరుగా తెప్పించుకున్న పెట్టెకు వంద వోల్టులే కావాలి. మరచిపోయి మన 230లో గుచ్చితే సర్క్యూట్ కాలిపోవచ్చు.

డాక్టర్ ఏ.ఎస్. రావు నడిపిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967 నుంచి ఉన్న ఊరు మన హైదరాబాద్. కంప్యూటర్లూ ఈసీటీవీలూ ఇక్కడే తయారయ్యాయి. టంకం ఇనుము పట్టడం తెలిసిన చేతులకు ఈ నగరంలో ఒకప్పుడు లోటు లేదు. ఇప్పుడు కోఠి పెద్దాయన బల్ల దగ్గర శిష్యుడు లేడు. ఈ ఐటీ కారిడార్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరిన వేలమందిలో పదిమంది శనివారాలు అలాంటి బల్లల దగ్గర కూర్చుంటే చాలు.

మీ అటకమీద పాలీసిక్స్ ఉంటే ఈ వారమే దించండి. వెనక టేప్ సాకెట్ ఉంటుంది. పలికినన్ని ప్రోగ్రాములు దానిద్వారా రికార్డు చేసుకుని, ఆ బ్యాటరీని తీయించేయండి.