గాజుపలక మీద నక్షత్రాలు

సుదూరాకాశ ఛాయాగ్రహణం అంటే నక్షత్ర గుచ్ఛాలను, నీహారికలను, గెలాక్సీలను దీర్ఘకాలం కాంతిని పోగుచేసి చిత్రించే విద్య. నెల్లూరు తీరంలోని ముత్తుకూరులో ధ్రువనక్షత్రం ఉత్తర దిగంతానికి సుమారు 14 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది గనుక, అక్కడ ఈ విద్య నేర్వదలచినవారు దుర్భిణిని తిప్పే ఇరుసును ముందుగా అంత తక్కువ ఎత్తుకే గురిపెట్టవలసి ఉంటుంది. నేడు కొత్తగా కనిపించే ఈ సాధనకు తెలుగునాట వందేళ్లు దాటిన పూర్వరంగం ఉంది.

హైదరాబాదులోని ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. ఆకాశమంతటినీ ఫొటోలతో పటం గీయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించిన అంతర్జాతీయ ప్రణాళికలో, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు గల పట్టీని చిలీలోని శాంటియాగో పూర్తిచేయలేకపోవడంతో హైదరాబాదు ఆ బాధ్యతను స్వీకరించి, 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో, అంటే ఫొటోల కోసమే నిర్మించిన దుర్భిణితో, 1914 నుంచి 1929 వరకు చిత్రాలు తీసింది.

వెండి లవణాల పూత పూసిన గాజుపలకే ఆనాటి సెన్సర్. భూభ్రమణానికి దీటుగా గడియార యంత్రం దుర్భిణిని నడుపుతున్నా అది స్వల్పంగా తడబడితే చుక్క గీతగా సాగిపోతుంది గనుక, పరిశీలకుడు జంట దుర్భిణిలోని అడ్డగీతల కూడలి మీద ఒక నక్షత్రాన్ని నిలిపి, ఎక్స్‌పోజర్ ముగిసేదాకా కన్ను తీయకుండా సవరిస్తూ ఉండేవాడు. పలక మీద ముద్రించిన గళ్ల ఆధారంగా ప్రతి నక్షత్రపు స్థానాన్నీ ఆ తర్వాత సూక్ష్మదర్శినితో కొలిచేవారు.

ఆ కొలతలు వృథా కాలేదు. ఈ ప్రణాళిక సేకరించిన పాత స్థానాలను హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలతో పోల్చి, సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలను తెలిపే టైకో-2 జాబితాను 2000లో వెలువరించారు. సిరియస్, అంటే లుబ్ధకానికి దక్షిణాన ఉన్న ఎం-41 గుచ్ఛం హైదరాబాదు పట్టీలోనిదే. ముత్తుకూరులో అది దక్షిణాకాశంలో 55 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. నేటి అభ్యాసకుడి పక్షాన కన్నార్పకుండా చూసే పని చిన్న గైడ్ కెమెరాకు దక్కింది. చిత్రంలోని చుక్కలను జాబితాతో సరిపోల్చి దుర్భిణి ఎటు చూస్తున్నదో తేల్చే ప్రక్రియను మాత్రం, గాజు పోయి చిప్ వచ్చినా, ఇప్పటికీ ‘ప్లేట్ సాల్వింగ్’ అనే పిలుస్తున్నారు.