కందిపైరు, గాజుటిల్లు

వెర్రితెగులు సోకిన కందిమొక్క చావదు. ఆకులు చిన్నవై, పసుపుమచ్చలు పడి, కొమ్మలు గుబురుకట్టి, పచ్చగనే నిలుచును. పూవు మాత్రము పూయదు, కాయ కాయదు. ఎండుతెగులు మొక్కను కండ్లయెదుటనే చంపును. ఇది కోతకాలము వరకు ఆశపెట్టి మోసపుచ్చును.

బీహారునందలి పూసాలో 1931లో ఈ తెగులును మొదట గుర్తించి వ్రాసిరి. దీనిని మోయునది కంటికి కానరాని యొక నల్లియని 1962లో సేథ్ అను శాస్త్రజ్ఞుడు తేల్చెను. ఆ నల్లికి రెక్కలు లేవు, గాలియే వాహనము. కావున చేనిలో నొక మొక్క నిక్షేపముగా నున్నచో, దానికి తెగులును తాళు శక్తి కలదా, లేక నల్లియే దానిచెంతకు రాలేదా? ఈ ప్రశ్నకు చేను బదులు చెప్పదు. ఆ మొక్క విత్తనమును నమ్మి మరుసటేడు విత్తినవాని గతి యేమి?

ఇందులకే గాజుటిల్లు కావలసివచ్చినది. దీనినే నేడు హరితగృహమందురు. శీతలదేశములవారు వెచ్చదనమునకై దీనిని కట్టుకొనిరి. మనకు వెచ్చదనమునకు కరవులేదు గదా! వేసవిలో వట్టివేళ్ల తడికలకు నీళ్లు చల్లుకొన్నట్లే, ఇచ్చట తడితెరలగుండ గాలిని లోనికి లాగి యింటిని చల్లార్చుదురు. లోపల అన్ని కుండీలకు మన్నొకటే, నీరొకటే, మొక్కల వయస్సొకటే. భేదమొక్కటియే యుండును, అదియు పరిశోధకుడు కోరి పెట్టినది. నల్లినుంచిన కుండీలో తెగులు పుట్టి, ఉంచని కుండీలో పుట్టకున్నచో కారణము తేలినట్లే. మన తార్కికులు అన్వయవ్యతిరేకములన్నది దీనినే.

మా అంబరుపేటకు పడమటగా, నగరము దాటినంతట పటాన్‌చెరువు వచ్చును. అచ్చట 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాసంస్థ నెలకొనెను. జొన్న, సజ్జ, సెనగ, కంది, వేరుసెనగ దానికి ముఖ్యమైన పైరులు. అచ్చటి నెనె, రెడ్డి గార్లు 1976లో ప్రకటించిన పరీక్ష మిక్కిలి సులభము. తెగులు పట్టిన యాకును కోసి, లేతమొక్కయొక్క తొలియాకుపై మడిచి, కాగితములు కుట్టు స్టేప్లరుతో గ్రుచ్చుదురు. కోసిన యాకు వాడిపోవగా నల్లులు పచ్చియాకునకు వలసపోవును. ఏ మొక్కకును తప్పించుకొను దారి లేదు. అప్పటికిని తెగులు తగులనిదే నిజముగా తాళునది. ఇంతటి చిక్కు విప్పిన పనిముట్టు కచేరీ గుమాస్తా బల్లపై నుండునదే యగుట నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది.

అయినను నల్లి మోయుచున్నదేమో 2000 వరకు తెలియలేదు. ఆ యేట లవకుమార్, జోన్స్, డి. వి. ఆర్. రెడ్డి గార్లు మున్నగువారు అది యొక వైరసని, సన్నని నూలుపోగువంటి రూపము కలదని చూపిరి. అంతకుముందే, 1993లో, ఎండుతెగులును వెర్రితెగులును గూడ తాళునట్టి ‘ఆశ’ యను కందిరకము రైతులకు విడుదలయైనది. కారణము పేరు తెలియకమునుపే మందు దొరకినదన్నమాట.

పిమ్మట మరియొక చిక్కు బయటపడెను. పటాన్‌చెరువు వైరసు వేరు, బెంగుళూరు వైరసు వేరు. రెండవది మరింత తీవ్రమైనది. ఇచ్చట తాళిన రకములు కొన్ని యచ్చట లొంగిపోయినవి. కావున ఒక్కచోటి గాజుటింటిలో నెగ్గిన విత్తనమును ఆయా సీమల చేలలో మరల పరీక్షింపవలసి వచ్చుచున్నది.