అక్షరమునకు తగిన మీట



మన జగ్గయ్యపేట చెంత కొండపై నొక ప్రాచీన బౌద్ధస్తూపముండెను. 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని కాలమున, సిద్ధార్థుడను శిల్పి యచట ఆయకస్తంభములను నిలిపి శాసనము వేయించెను. ఆ బ్రాహ్మీ అక్షరముల తోకలు సొగసుగా క్రిందికి సాగియుండును. ఉలి పట్టిన చేతికి అడ్డు లేదు. అక్షరమెంత సాగినను రాయి కాదనదు. యంత్రమునకు మాత్రము కొలత కలదు. ఆ కొలతలో మన లిపి యెట్లు ఇమిడెనో యీనాడు మనవి చేయుదును.

అమెరికా దేశీయుడగు షోల్సు 1868లో టైపురైటరునకు పేటెంటు పొందెను. 1874 నాటికి రెమింగ్టను వారు దానిని విక్రయింపసాగిరి. అది 26 అక్షరముల ఆంగ్లమునకై పుట్టిన యంత్రము. మనకన్ననో వర్ణమాలయే 56 అక్షరములు. ఆపై గుణింతములు, ఒత్తులు. ప్రతి రూపమునకు నొక మీట పెట్టినచో వందలకొలది మీటలు కావలెను. కావున తెలుగు యంత్రమును కూర్చినవారు అక్షరమును ముక్కలుగా విడదీసిరి. కొన్ని గుర్తుల మీటలు నొక్కినపుడు కాగితపు చట్రము జరుగదు. తరువాతి ముక్క అదే చోట పడి అక్షరము పూర్తియగును.

1966లో ఆంధ్రప్రదేశమున తెలుగును అధికారభాషగా చేయుచు చట్టము వచ్చెను. కాని యంత్రము లేనిచోట చట్టమేమి చేయగలదు? నలుబది యేండ్ల క్రిందట నేను తెలుగున వ్రాసిన అర్జీని ఒక కార్యాలయమువారు, తెలుగు మిషను లేదనియు, ఆంగ్లమున వ్రాయించి తెమ్మనియు త్రిప్పి యిచ్చిరి. నాడు చిన్నబోయినది నేను కాదు, నా భాష.

కంప్యూటరు వచ్చిన పిమ్మట, 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖవారు బ్రాహ్మీ నుండి పుట్టిన మన దేశపు లిపులకు ఒకే మీటల అమరికను నిర్ణయించిరి. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. కకారము, పొల్లు, షకారము వరుసగా నొక్కినచో 'క్ష' యేర్పడును. సంయుక్తాక్షరమును మన వైయాకరణులు విడదీసి చూపిన తీరే యిది.

ఇటీవల మా మనుమడు తానే యొక మీటల పలకను కూర్చెను. పెట్టె, రేకు, స్ప్రింగు గల స్విచ్చులు, వానిపై మూతలు. ప్రతి మీటకు నొక తీగ యక్కరలేదు. 5 అడ్డువరుసలు, 14 నిలువువరుసలు చేసి టంకము వేసినచో 70 మీటలకు 19 తీగలు చాలును. మూతలపై ఆంగ్లమే కనబడగా, "తెలుగేదిరా?" యంటిని. "తాతయ్యా, మీట తన గుర్తుసంఖ్యనే పంపును, దానికి ఏ యక్షరము రావలెనో మనము నిర్ణయించుకొనవచ్చును" అనెను.

పెద్దలారా! ఆ మాట నాకు గొప్ప ఊరట. యంత్రము ఇక అడ్డు కాదు. అయినను మన పిల్లలు తెలుగుమాటలను ఆంగ్లాక్షరములతో వ్రాయుచున్నారు. కారణము యంత్రలోపము కాదు, మన యుపేక్ష. ఇంట నొక బిడ్డచేత నైనను తన పేరును తెలుగు మీటలతో కొట్టింపుడు. సిద్ధార్థుని ఉలికి మనము చెల్లింపగల ఋణమదియే.